సిమెంటు కట్టు పని: కోర్సు చేసి చేరాలా, చేరి నేర్చుకోవాలా?

గోదారి_గట్టు
ఇంటర్ బైపీసీ అయ్యాక ఆర్థో టెక్నీషియన్‌గా (ఎముకల ఆసుపత్రిలో సిమెంటు కట్లు వేసే పనికి) వెళ్దామనుకునే పిల్లలకు రెండు రకాల సలహాలు వినిపిస్తున్నాయి. ఎముకల ఆసుపత్రిలో హెల్పరుగా చేరిపో, ఏడాదిలో కట్లు కట్టడం వచ్చేస్తుంది, కోర్సు డబ్బు దండగ అని కొందరు. సర్టిఫికెట్ లేకుండా చేరితే పదేళ్ళయినా హెల్పరువే అని ఇంకొందరు. పని తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. "ఎవరి ఇష్టం వాళ్ళది" అని మాత్రం తేల్చేయకండి, దయచేసి.

నాలుగంగుళాల_రోల్
చేరి నేర్చుకోవడమే. ఇది చేతి పని.

మణికట్టు విరిగి వచ్చినవాళ్ళకు మోచేతి కింద స్లాబు (చుట్టూ మూయకుండా ఒకవైపే ఆన్చే కట్టు) వేయాలనుకోండి. 4 అంగుళాల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) రోలు, దూది రోలు, పైన చుట్టడానికి బ్యాండేజీ, బకెట్టులో నీళ్ళు. సామాను ఇంతే. పొడవు బాగున్న చేతి మీద కొలుచుకోవాలి, విరిగిన చేతిని కొలత కోసం అటూ ఇటూ తిప్పకూడదు. పెద్దవాళ్ళ చేతికి 8 నుంచి 10 పొరలు, కాలికైతే 6 అంగుళాల రోలుతో 12 నుంచి 15. దూది ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పుతూ రెండు మూడు పొరలు, మణికట్టు గుబ్బ దగ్గర, మోచేతి దగ్గర ఇంకొక ముక్క. స్లాబును రెండు కొసలూ వదలకుండా నీళ్ళలో ముంచి, బుడగలు ఆగాక తీసి, బట్ట పిండినట్టు మెలితిప్పకుండా నొక్కి వదిలేయాలి. తర్వాత బల్ల మీద పరిచి అరచేత్తో నిమిరితే పొరలన్నీ కలిసి ఒకటే రేకు అవుతుంది.

రొట్టె పిండికి నీళ్ళు చాలాయో లేదో చేతికి తెలుస్తుంది, పుస్తకానికి తెలియదు. ఇదీ అంతే. వంద స్లాబులు వేసినవాడికీ రెండేళ్ళు క్లాసులో కూర్చున్నవాడికీ తేడా రోగి ముందు నిలబడితే అర నిమిషంలో బయటపడుతుంది. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ఏ కాలేజీకి వెళ్ళారు? జైపూర్ కాలు చేసిన రామచంద్ర శర్మ ఏ డిప్లొమా చదివాడు?

స్టాకినెట్
కట్టు కట్టడం మీరు చెప్పినంత తేలికే, రోల్ అన్నా. చిక్కంతా అక్కడే ఉంది. మంచి కట్టూ చెడ్డ కట్టూ గది దాటేటప్పుడు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది అదే రోజు రాత్రో వారం తర్వాతో. అప్పుడు కట్టినవాడు పక్కన ఉండడు. అందుకే "చూసి నేర్చుకున్నా" అన్నవాడికి తన తప్పు తనకు తెలియదు.

ఒక్కొక్కటీ చెబుతాను.

నీళ్ళు. పీఓపీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. 24, 25 డిగ్రీల నీళ్ళు వాడాలి. మే నెలలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత ఉంటాయి. వాటిలో ముంచితే స్లాబు అమర్చేలోపే బిగుసుకుపోతుంది, పైగా లోపల కాలుతుంది. పొరలు మరీ ఎక్కువ వేసినా, తడి కట్టును దిండు మీదో రగ్గు కిందో పెట్టినా వేడి బయటికి పోదు. పొద్దుటి నుంచి అదే బకెట్టు వాడితే అడుగున పేరుకున్న పిండి వల్ల కొత్త రోలు ఇంకా త్వరగా బిగుస్తుంది. నీళ్ళెందుకు మార్చాలో హెల్పరుకు ఎవరూ చెప్పరు, "మార్చరా" అంటారంతే.

వేళ్ళు. తడి కట్టును వేళ్ళ కొసలతో పట్టుకుంటే పడే నొక్కు లోపలివైపు గుబ్బలా మిగిలిపోతుంది. రెండు వారాల తర్వాత కట్టు విప్పితే ఆ చోట పుండు. మడమ దగ్గర ఇది మరీ ఎక్కువ.

హద్దులు. మోచేతి కింది కట్టు అరచేతి గీత దాటి ముందుకొస్తే వేళ్ళు మడవలేక బిగుసుకుపోతాయి. మోకాలి కింది కట్టు పైఅంచు, మోకాలికి బయటివైపున్న ఎముక గుబ్బ కింద ఒత్తితే అక్కడి నరం దెబ్బతిని పాదం వేలాడిపోతుంది. ఎముక అతుక్కుంటుంది గానీ నడక పోతుంది. చీలమండను 90 డిగ్రీల్లో పట్టుకోకుండా కాలు జారవిడిస్తే అదే వంకరలో గట్టిపడుతుంది.

ఇక అన్నిటికంటే పెద్దది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. కట్టు లోపల వాపు పెరిగి కండకు రక్తం అందదు. కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. మొదటి గుర్తు నీలం రంగూ కాదు, నాడి అందకపోవడమూ కాదు. దెబ్బకు మించిన నొప్పి, వేళ్ళను మనం మెల్లగా చాచితే భరించలేకపోవడం. నాడి చాలాసేపటి వరకు దొరుకుతూనే ఉంటుంది. "నాడి ఉందిగా, నొప్పి మాత్ర వెయ్యండి" అన్నచోటే చెయ్యి పోతుంది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేస్తూనే కట్టును పై నుంచి కింది దాకా చీల్చాలి. ప్లాస్టర్ ఒక్కటే కాదు, దూది కూడా, చర్మం కనబడేదాకా. రక్తంతో తడిసి ఎండిన దూదే ఉక్కు పట్టీలా బిగుసుకుని ఉంటుంది. చెయ్యిని గుండె ఎత్తులో ఉంచాలి, అంతకంటే పైకి వేలాడదీయకూడదు.

పుత్తూరు మాటెత్తారు కాబట్టి: ఎవరి కట్టయినా బిగుతు బిగుతే. వెదురు బద్దకూ పీఓపీకీ శరీరం తేడా చూపించదు.

మలక్‌పేట_చాయ్
గిదంత మంచిగనే ఉంది గానీ, కాలేజీల ఇదంత చెప్తరా? నిజం చెప్పుండ్రి.

నాలుగంగుళాల_రోల్
చాయ్ భాయ్ నా నోట్లో మాట లాగేశాడు. స్టాకినెట్ గారు రాసిందంతా నిజమే, ఒప్పుకుంటున్నా. అది నేర్పే కాలేజీ చూపించండి మరి. సొంత ఆసుపత్రి లేదు, ఎక్కడో ముప్ఫై పడకల నర్సింగ్ హోముతో ఒప్పందం కాగితం ఉంటుంది. రికార్డు పుస్తకం సీనియర్ల దాన్ని చూసి ఎత్తి రాస్తారు. రెండేళ్ళ తర్వాత చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ఆ చేయి పీఓపీలో తడిసి ఉండదు. రోజుకు ఇరవై కట్లు పడే చోట మంచి సీనియర్ పక్కన ఆరు నెలలుంటే నీళ్ళ వేడీ తెలుస్తుంది, పాదం వేలాడటమూ కనబడుతుంది.

స్టాకినెట్
మంచి సీనియర్ పక్కన. ఆ "మంచి" ఎవరో కుర్రాడికి ఎలా తెలుస్తుంది? తప్పు కట్టే సీనియర్ పక్కన చేరితే ఆ తప్పు పదేళ్ళ అనుభవం అయిపోతుంది.

కాలేజీల గురించి మీరన్నది కాదనను. అందుకే ఫీజు కట్టే ముందు అడగాల్సినవి అడగాలి. రాష్ట్ర పారామెడికల్ బోర్డు జాబితాలో ఆ కాలేజీ, అదే పేరుతో ఆ కోర్సు, ఆ ఏడాదికి ఉన్నాయా? పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ప్లాస్టర్ గది విడిగా ఉందా, ఆర్థో ఓపీ వారానికి ఎన్ని రోజులు? లాగ్‌బుక్కులో సంతకం పెట్టేది ఆర్థో డాక్టరా, కాలేజీ గుమాస్తానా? రెండో ఏడాది పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని "మోచేతి పైన కట్టు ఎన్ని వేశావు?" అని అడగండి. ప్రిన్సిపల్ చెప్పేదానికంటే ఆ జవాబు నయం.

ఓటీ_లైటు
మీరిద్దరూ ప్లాస్టర్ గది దగ్గరే ఆగిపోయారు. ఎముకల ఆసుపత్రిలో టెక్నీషియన్ పనిలో సగం ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీ) ఉంటుంది. అక్కడ చూసి నేర్చుకోవడం అనేది సగమే సాగుతుంది.

ఉదాహరణకు స్క్రూలు. 3.5 మిల్లీమీటర్ల కార్టికల్ (ఎముక గట్టి పైపొరకు వాడే) స్క్రూకు 2.5 డ్రిల్ బిట్. 4.5 కార్టికల్‌కు 3.2. 4.0 క్యాన్సెలస్‌కు (లోపలి మెత్తటి ఎముకకు వాడే స్క్రూ) 2.5, 6.5 క్యాన్సెలస్‌కు మళ్ళీ 3.2. చిన్న ఎముకలకు స్మాల్ ఫ్రాగ్మెంట్ సెట్టు, పెద్ద ఎముకలకు లార్జ్ ఫ్రాగ్మెంట్ సెట్టు వేరువేరుగా ఎందుకుంటాయో అర్థమైతే ఇవి బట్టీ పట్టక్కర్లేదు. 3.5 స్క్రూకు 3.2 బిట్ అందించారంటే రంధ్రం పెద్దదై మరలు ఎముకను పట్టవు, స్క్రూ ఊరికే తిరుగుతుంది. తప్పు అందించినవాడిది, తిట్లు మాత్రం గదిలో అందరికీ.

టూర్నికే (ఆపరేషన్ వేళ రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే గాలి పట్టీ) ఇంకొకటి. చేతికి 250, కాలికి 300 నుంచి 350 మిల్లీమీటర్ల పాదరస పీడనం సాధారణంగా వాడతారు, ఎంత పెట్టాలో చెప్పేది సర్జనూ మత్తు డాక్టరూ. ఎక్కించిన టైము బోర్డు మీద రాయాలి, గంటకు ఒకసారి గుర్తు చేయాలి, రెండు గంటలు దాటనివ్వకూడదు. కింద దూది చుట్టాలి, చర్మం శుభ్రం చేసే మందు ఆ దూదిలోకి కారకుండా అంచు మూయాలి. తడిసిన దూది మీద గంటన్నర ఒత్తిడి పడితే చర్మం కాలినట్టు ఊడొస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తా. 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. దాని లెక్కలో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్ళ మీద. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అయితే 3,600 గంటల డిగ్రీ. అమలు నత్తనడకే, సరే. కానీ ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇంకో నలభై ఏళ్ళు పనిచేయాలి. దారి ఎటు పోతోందో చూసుకోవాలి కదా.

మలక్‌పేట_చాయ్
పైసల ముచ్చట ఎవ్వరు తియ్యరేంది?

ఓటీ_లైటు
ఒక్కో ఊళ్ళో ఒక్కో రేటు, అంకె చెబితే రేపు ఇంకొకరు కొట్టేస్తారు. సర్టిఫికెట్ ఎక్కడ అడుగుతారో చెబుతా. సర్కారు నోటిఫికేషన్‌లో కోర్సు పేరు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. అనుభవం ఎంతున్నా ఆ గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ప్రతి ఉద్యోగి అర్హత కాగితాలూ ఫైల్లో పెట్టాలి. గల్ఫ్‌కు వెళ్ళాలంటే డేటాఫ్లో అనే పరిశీలన సంస్థ వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకే నేరుగా రాసి నిజమో కాదో కనుక్కుంటారు, డాక్టరుగారు లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన "మంచి కుర్రాడు" అక్కడ నడవదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నోటిఫికేషన్‌లో ఏ కోర్సు పేరు రాశారో అదే పేరు మీ సర్టిఫికెట్ మీద ఉండాలి. పేరు కాస్త అటూ ఇటూ అయినా పరిశీలనలో పక్కన పెడతారు. పాత నోటిఫికేషన్లు రెండు మూడు దగ్గర పెట్టుకుని, అందులో అడిగిన పేరు చూసి కోర్సు ఎంచుకోవడం తెలివైన పని. అందుకే నా ఓటు ఓటీ టెక్నీషియన్ కోర్సుకు. అది చేసి ఆర్థో ఆసుపత్రిలో చేరితే ప్లాస్టర్ ఎలాగూ నేర్చుకుంటారు. ఉత్త ప్లాస్టర్ కోర్సు చేసి ఓటీలోకి రావడం కష్టం.

స్టాకినెట్
ఇది మాత్రం ఒప్పుకోను. "ఎలాగూ నేర్చుకుంటారు" అన్నారే, రోల్ అన్న మాట అదేగా! ఓటీ కోర్సులో ప్లాస్టర్‌కు దక్కేది కొద్ది రోజులు. పుట్టుకతో వంకర పాదం ఉన్న పసిబిడ్డకు పొన్సెటి పద్ధతి కట్టు వేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. డాక్టరు పాదం పట్టుకుని ఉంటాడు, టెక్నీషియన్ చుట్టాలి. దూది పల్చగా, ముందు మోకాలి కింద దాకా వేసి, అది మలిచాక తొడ దాకా పెంచాలి, మోకాలు 90 డిగ్రీలు. వారానికొకటి చొప్పున అయిదారు కట్లు. దూది ఎక్కువైతే కట్టు జారి, పాదం లోపలికి పోయి, వేళ్ళు కనబడకుండా పోతాయి. ఆ వారం చేసిన పనంతా వృథా, పుండు అదనం. కాలి వేళ్ళు కనబడుతున్నాయో లేదో రోజూ చూసుకోమని తల్లికి చెప్పి పంపాల్సింది కూడా ఈ టెక్నీషియనే. ఇది ఓటీ బల్ల దగ్గర రాదు.

బీపీఓ_బెంచి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రామచంద్ర శర్మ గారి పేరు చూసి ఆగలేకపోయా. ఆయన కృత్రిమ కాలు చేసిన శిల్పి, కట్లు కట్టిన మనిషి కాదు. 1968లో జైపూర్ కాలు తయారైంది. ఆయన చేతికి పక్కన సర్జన్ పి.కె. సేఠీ బుర్ర ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, చెప్పుల్లేకుండా పొలంలో నడవడం, ఇవన్నీ ఆ పాదంతో కుదరాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకున్న లెక్క. ఒక్క చేయి సరిపోయిందని చెప్పడానికి ఆ ఉదాహరణ పనికిరాదు.

ఇంకో గందరగోళం. ఆర్థో టెక్నీషియన్ అని వెతికితే కృత్రిమ కాళ్ళు, కాలిపర్లు (బలహీనమైన కాలికి ఆసరా చట్రాలు), నడుము బెల్టులు చేసే పని కూడా తగులుతుంది. అది ప్రోస్తెటిక్స్, ఆర్థోటిక్స్. బీపీఓ (బ్యాచిలర్ ఇన్ ప్రోస్తెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్) డిగ్రీ నాలుగున్నరేళ్ళు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్టరు కాకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వొస్తుంది, జైలు మాట మాత్రం నిజం. ఇక్కడ "చేరి నేర్చుకుందాం" అన్న చర్చకే తావు లేదు.

జర్మనీ ఆశపడేవాళ్ళు కూడా గమనించండి. అక్కడ ఆర్థోపెడీటెక్నిక్ అంటే ఈ కాళ్ళు, కాలిపర్ల పనే, సిమెంటు కట్టు కాదు. మూడేళ్ళు వర్క్‌షాపులో పని, పక్కనే బడి, చివర పరీక్ష.

నాలుగంగుళాల_రోల్
శర్మ గారి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బెంచి గారూ, మీ జర్మనీ ముక్క నా వాదనే కదా! పనిలో చేరే నేర్చుకుంటున్నారు.

బీపీఓ_బెంచి
బడీ పరీక్షా తీసేస్తే మీ వాదనే.

గోదారి_గట్టు
చాలా తెలిసింది, అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి. ఇంటి పరిస్థితి వల్ల ఇప్పటికే హెల్పర్లుగా చేరిపోయిన వాళ్ళున్నారు. కోర్సులో సీటు వచ్చేదాకా వాళ్ళు ఏ పని చేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు?

స్టాకినెట్
నీళ్ళు మార్చడం, రోళ్ళు పొడిగా దాచడం. ఫైబర్ రోలు (ఫైబర్‌గ్లాస్ కట్టు) ప్యాకెట్టు వాడే ముందే చింపాలి, గాలిలో తేమకే గట్టిపడుతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే ఆ జిగురు చర్మానికి అంటుకుని వారం పోదు. డాక్టరు చెప్పిన కోణంలో చెయ్యీ కాలూ కదలకుండా పట్టుకోవడం చేయొచ్చు, అది చిన్న పని కాదు, సగం కట్లు చెడేది పట్టుకున్నవాడు అలిసి జారవిడవడం వల్లే. స్కిన్ ట్రాక్షన్‌కు (కాలికి పట్టీ అంటించి బరువుతో లాగి ఉంచడం) బరువులు తగిలించొచ్చు, డాక్టరు రాసిన బరువే, 5 కిలోలు దాటితే పట్టీ జారడమో చర్మం ఊడడమో ఖాయం. సంచీ నేలకు ఆనకుండా చూడాలి, ఆనితే బరువు లేనట్టే. థామస్ స్ప్లింట్‌కు (విరిగిన కాలిని కదలకుండా పట్టే, రింగున్న చట్రం) కొలతలు తీసివ్వొచ్చు, తొడ చుట్టుకొలతకు 2 అంగుళాలు కలిపి రింగు.

చేయకూడనివి: విరిగిన ఎముకను లాగి సరిచేయడం, కొత్త దెబ్బకు చుట్టూ మూసేసే పూర్తి కట్టు వేయడం, నొప్పి అని తిరిగొచ్చిన రోగిని డాక్టరుకు చెప్పకుండా పంపేయడం. చివరిది రాసి గోడకు అంటించాలి. కట్టు కోసే మిషన్ కూడా మొదటి ఆరు నెలలు వద్దు.

నాలుగంగుళాల_రోల్
అంతా ఓకే, చివరి ముక్క తప్ప. మిషన్ మొదటి వారమే చేతికివ్వాలి. రోగి మీద కాదు. విప్పేసిన పాత కట్టును ప్లాస్టిక్ పైపు మీద దూదితో సహా చుట్టి, దాని మీద. బ్లేడు గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ అదురుతుంది, అందుకే కదిలే చర్మాన్ని సాధారణంగా తెంపదు. కానీ రంపంలా లాగితే తెంపుతుంది. కిందికి నొక్కాలి, లోపల తెగి వదులైనట్టు చేతికి తెలియగానే ఎత్తాలి, అర బ్లేడు పక్కకు జరిపి మళ్ళీ నొక్కాలి. ఆ "వదులు" చేతికి ఆరు నెలలు ఆగితే రాదు.

స్టాకినెట్
పైపు మీద అయితే సరే. రోగి మీదికి వచ్చేటప్పుడు ఇంకో రెండు: నాలుగైదు కోతలకోసారి మిషన్ ఆపి బ్లేడు వేడి చూడాలి, ఫైబర్ కోస్తే పీఓపీ కంటే త్వరగా కాలుతుంది. గీత చీలమండ గుబ్బల మీదుగా పోకూడదు, అక్కడ దూది అణిగిపోయి ఉంటుంది. మత్తులో ఉన్న పిల్లాడైతే కాలినా చెప్పలేడు. వాడి కట్టు మాత్రం హెల్పరుకు ఇవ్వనే ఇవ్వకూడదు.

నాలుగంగుళాల_రోల్
అది ఇవ్వను. పైపు మాత్రం సోమవారం నుంచే.